రోబో సెల్‌లో పొద్దుటి తనిఖీ: మనిషి లోపలికి వెళ్లే పనే తగ్గాలి

రోబో వల్ల మనిషికి ప్రమాదం జరిగిందని వినగానే, అది తిరుగుతుండగా ఎవరో అడ్డం వెళ్లి ఉంటారని చాలామంది అనుకుంటారు. బయటపడిన ఘటనలు చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. 2023 నవంబరులో దక్షిణ కొరియాలోని గోసాంగ్‌లో, క్యాప్సికం పెట్టెలను ఎత్తి ప్యాలెట్ల మీద పేర్చే రోబో దగ్గర సెన్సరు చూడటానికి ఒక టెక్నీషియన్ వచ్చాడు. ఆ రోబో అతన్నే పెట్టెలా పట్టుకుని కన్వేయరుకేసి నొక్కేసింది. అతను బతకలేదు. 2015 ఆగస్టులో హర్యానాలోని మనేసర్‌లో, ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసే 24 ఏళ్ల కార్మికుడు, రోబో దగ్గర పక్కకు జరిగిన రేకును సరిచేయబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. అంతకు చాలా ముందు, 1981లో జపాన్‌లోని అకాషిలో, మరమ్మతులు చేసే ఉద్యోగి కంచె దాటి లోపలికి వెళ్లి రోబోను పూర్తిగా ఆపకుండానే పని మొదలుపెట్టి చనిపోయాడు.

ఈ మూడు చోట్లా రోబో తన పని తాను చేసుకుపోతుంటే దాని జోలికి ఎవరూ వెళ్లలేదు. ఎక్కడో చిన్న తేడా వచ్చింది, దాన్ని సర్దడానికి మనిషి లోపలికి అడుగుపెట్టాడు. రోజువారీ తనిఖీ ఎందుకు చేయాలో ఇక్కడే తెలుస్తుంది. చాలా ఫ్యాక్టరీల్లో భద్రతకు ఒక రిజిస్టరు, మెయింటెనెన్స్‌కు ఇంకో రిజిస్టరు ఉంటాయి. ఒకటి సేఫ్టీ ఆఫీసరు చూసుకుంటాడు, రెండోది ఫిట్టరు చూసుకుంటాడు. రోబో సెల్ (రోబో పనిచేసే, చుట్టూ కంచె కట్టిన చోటు) విషయంలో ఈ రెండింటినీ విడదీయడమే పొరపాటు. వస్తువును పట్టుకునే గ్రిప్పరు రబ్బరు అరిగితే వస్తువు జారుతుంది. జారితే లైను ఆగుతుంది. ఆగితే ఎవరో ఒకరు గేటు తీసుకుని లోపలికి వెళ్తారు. షిఫ్టులో పదిసార్లు వెళ్లాల్సి వస్తే ఎవరికైనా విసుగొస్తుంది, చివరికి గేటు తెరిచినా మూసే ఉన్నట్టు కనిపించేలా గేటు స్విచ్‌కు జంపరు (అడ్డదారి వైరు) వేసేస్తారు. ఆ జంపరు వేసినవాణ్ణి తిట్టడం తేలికే. అతని చేత అది వేయించింది పదిరోజులుగా ఎవరూ మార్చని రబ్బరు ముక్క.

విజయవాడ ఆటోనగర్ లారీ బాడీలు, ఛాసిస్ రిపేర్లు, లేత్ పనులతో బతికే చోటు. ఇక్కడి పనంతా దశాబ్దాలుగా వెల్డరు చేతి ఒడుపు మీదే నడిచింది. ఇప్పుడు చుట్టుపక్కల పరిస్థితి మారుతోంది. మల్లవల్లి పారిశ్రామిక పార్కులో 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు ప్రారంభమైంది. అంతటి కంపెనీలకు సొంత సేఫ్టీ విభాగాలుంటాయి, వాటి గురించి బెంగ అక్కర్లేదు. ఆలోచించాల్సింది ఒకటో రెండో వెల్డింగ్ రోబోలు పెట్టుకుని విడిభాగాల ఆర్డర్లు పట్టాలని చూసే రేకుల షెడ్ల గురించి, గుంటూరు వైపు బస్తాలు పేర్చడానికి రోబో పెట్టే మిల్లుల గురించి.

ఇలాంటి చోట్లకు సెకండ్ హ్యాండ్ రోబో వస్తే ఇంకో చిక్కు ఉంటుంది. లారీలోంచి చెయ్యి, దాన్ని నడిపే కంట్రోలరు, కదలికలు నేర్పడానికి చేత్తో పట్టుకునే టీచ్ పెండెంటు దిగుతాయి. ఫెన్సింగ్, గేటు స్విచ్‌లు, లైట్ కర్టెన్ (మనిషి అడ్డొచ్చి కాంతి కిరణాలు తెగితే రోబోను ఆపేది) దిగవు, ఎందుకంటే అవి పాత ఫ్యాక్టరీ నేలకు బిగించినవి. రోబోల భద్రతకు ప్రపంచమంతా వాడే ఐఎస్‌ఓ 10218 ప్రమాణంలో రెండు భాగాలున్నాయి. మొదటిది రోబోను తయారుచేసేవారికి, రెండోది దాన్ని అమర్చి సెల్‌గా కట్టేవారికి. 2025లో రెండూ సవరించి వెలువడ్డాయి. పాత రోబో కొని సొంతంగా కంచె కట్టుకున్న యజమాని ఆ రెండో భాగం బరువంతా తన నెత్తిన వేసుకున్నట్టే. అందుకని అలాంటి షెడ్లో రోజువారీ తనిఖీని ఎవరో ఇచ్చిన కాగితం చూసి కాపీ కొట్టడానికి వీల్లేదు. ఆ సెల్‌కు ఏ గేట్లున్నాయో, ఏ బటన్లున్నాయో చూసుకుని అక్కడే రాసుకోవాలి.

కరెంటు వేయకముందు

దూరప్రయాణానికి బయల్దేరే లారీ డ్రైవరు ముందు బండి చుట్టూ తిరిగి, రాడ్డుతో టైర్లు కొట్టి చూసి, అప్పుడు క్యాబిన్ ఎక్కుతాడు. రోబో దగ్గరా మొదటి పని అదే: మెయిన్ స్విచ్ ఆఫ్‌లో ఉండగానే కంచె చుట్టూ ఒక రౌండు. రాత్రి షిఫ్టువాళ్లు లోపల ఏం వదిలేశారో చూడాలి. స్పానరు, వేస్టు గుడ్డ, నీళ్ల సీసా, అరగంట పనికని తెచ్చి మరిచిన నిచ్చెన, ఏదైనా సరే రోబో దారిలో ఉంటే తగిలి ఎగురుతుంది, లేదా లైనును ఆపుతుంది.

తర్వాత కంచె. కొత్త జిగ్ (పని ముక్కను పట్టి ఉంచే చట్రం) లోపలికి పెట్టడానికని ఒక ప్యానెల్ విప్పుతారు. పనయ్యాక బోల్టులు దొరక్క బైండింగ్ వైరుతో కట్టేస్తారు. ఆ వైరే ఏడాదంతా ఉండిపోతుంది. దాన్ని వదులు చేసి పక్కనుంచి దూరడం రెండు రోజుల్లో అందరికీ అలవాటైపోతుంది. కంచె బయట ఇనుప గొట్టాలో, బస్తాలో పేర్చి ఉంటే అవి మెట్లుగా పనికొస్తాయి, అవీ అక్కడ ఉండకూడదు. లోపల రోబో చెయ్యి పూర్తిగా చాచినప్పుడు దానికీ కంచెకీ మధ్య మనిషి ఒళ్లు నలగకుండా పట్టేంత చోటు ఉందో లేదో చూడాలి. ఒంటి మొత్తానికి కనీసం 500 మి.మీ. సందు అవసరమని ప్రమాణాలు చెబుతాయి. సెల్ కట్టిన రోజున ఆ సందు ఉండొచ్చు. ఆ తర్వాత ఎవరో అక్కడ టూల్ ర్యాక్ పెడితే పోతుంది.

గేటు దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగాలి. సాధారణంగా గేటుకు బిగించిన లోహపు నాలుక వెళ్లి స్విచ్‌లో దూరితేనే రోబోకు అనుమతి వస్తుంది. ఆ నాలుక విడిగా స్పేర్ పార్టుగా దొరుకుతుంది. గేటు బార్లా తెరిచి ఉన్నా స్విచ్ గాడిలో ఒక నాలుక ఉందంటే, ఎవరో స్పేర్ తెచ్చి అందులో పెట్టేశారన్నమాట. దీన్ని కనిపెట్టడానికి పరికరాలేం అక్కర్లేదు, గేటు తీసి స్విచ్ కేసి చూస్తే చాలు. అలాంటిది కనిపిస్తే దాన్ని పీకి జేబులో వేసుకోవడంతో పని అయిపోదు. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో అడగాలి. సగం సందర్భాల్లో జవాబు గేటు కీలు కుంగి నాలుక సరిగా అందకపోవడం, రోబో ఊరికే ఆగిపోవడం. కీలు బిగిస్తే స్పేర్ నాలుకతో ఎవరికీ పనుండదు.

నొక్కి చూస్తేనే పరీక్ష

ఎమర్జెన్సీ బటన్ ఎదురుగా ఎర్రగా కనిపిస్తుంటుంది కాబట్టి ‘ఉంది’ అని టిక్కు పెట్టడం చాలా చోట్ల ఆనవాయితీ. ఉండటం వేరు, పనిచేయడం వేరు. నొక్కాలి. నొక్కగానే సర్వో పవర్, అంటే రోబో మోటార్లకు వెళ్లే కరెంటు, పోవాలి, పెండెంట్ మీద ఏ బటన్ నొక్కారో సందేశం రావాలి. బటన్ తిప్పి వదిలినప్పుడు రోబో కదలకూడదు, రీసెట్ నొక్కి, మళ్లీ స్టార్ట్ ఇస్తేనే కదలాలి. ఆ రీసెట్ బటన్ కంచె బయట, లోపలంతా కనిపించే చోట ఉండాలి. లోపల మనిషి ఉండగా చెయ్యి చాపి నొక్కగలిగే చోట అది ఉంటే, ఆ సెల్‌ను కట్టడంలోనే తప్పు జరిగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రోబో పూర్తి వేగంతో తిరుగుతుండగా రోజూ ఎమర్జెన్సీ నొక్కి పరీక్షించకూడదు. అలా ఆపినప్పుడు ఆ బరువంతా మోటార్ల బ్రేకుల మీద, గేర్ల మీద పడుతుంది. అందుకే తయారీదార్లు మామూలుగా ఆపడానికి ఆ బటన్ వాడొద్దంటారు. రోబో నిలబడి ఉన్నప్పుడో, నెమ్మదిగా కదులుతున్నప్పుడో పరీక్షిస్తే సరిపోతుంది. పెండెంట్ మీది బటన్ రోజూ, మిగతావి రోజుకొకటి చొప్పున వంతులవారీగా నొక్కితే వారంలో అన్నీ పూర్తవుతాయి.

గేట్లు రెండో మూడో ఉంటే, ఒక్కోటి విడివిడిగా తీసి చూడాలి. దీని వెనక చాలామందికి తెలియని కారణం ఉంది. ప్రతి గేటు స్విచ్‌లో రెండు కాంటాక్టులుంటాయి, ఒకటి చెడినా రెండోది కాపాడుతుందని. ఖర్చు తగ్గించడానికి గేట్లన్నింటినీ వరసగా కలిపి ఒకే సేఫ్టీ రిలేకు (స్విచ్‌లను గమనిస్తూ తేడా వస్తే రోబోను ఆపే పరికరానికి) ఇస్తారు. ఒకటో గేటులో ఒక కాంటాక్టు అతుక్కుపోయిందనుకోండి. ఆ గేటు తెరిచినప్పుడు రిలే ఆ తేడా పట్టుకుని లాక్ అవుతుంది. కానీ ఎవరో రెండో గేటు తీసి మూస్తే రెండు లైన్లూ తెగి మళ్లీ కలుస్తాయి కాబట్టి, అంతా బాగానే ఉందనుకుని రిలే లోపాన్ని మరిచిపోతుంది. అతుక్కున్న కాంటాక్టు అలాగే ఉంటుంది, రెండోదీ చెడే రోజు వరకు. ‘ఒకటో గేటు మూశాక రీసెట్ అవలేదు, రెండోది తీసి మూస్తే అయింది’ అని ఆపరేటరు చెబితే, అది చిట్కాలా వినిపిస్తుంది గానీ నిజానికి ఫిర్యాదు. ఆ స్విచ్ ఆ రోజే మార్చాలి. స్విచ్‌ల పరీక్షకు ప్రమాణాలు పెట్టిన కనీస గడువులు ఎక్కువే, అత్యున్నత భద్రతా స్థాయి సెల్స్‌కు నెలకోసారి, దాని కింది స్థాయికి ఏడాదికోసారి. చిన్న షెడ్లో గేటు తీసి చూడటానికి పట్టేది పది సెకన్లు. రోజూ చేయకపోవడానికి కారణమే లేదు.

పెండెంట్ వెనక ఉండే ఎనేబుల్ స్విచ్‌కు మూడు స్థానాలు. వదిలేస్తే రోబో ఆగుతుంది, మధ్యస్థంగా పట్టుకుంటే కదులుతుంది, గట్టిగా పిసికితే మళ్లీ ఆగుతుంది. భయపడినప్పుడు కొందరి చెయ్యి వదిలేస్తుంది, కొందరిది బిగుసుకుంటుంది. అందుకే ఈ ఏర్పాటు. చాలామంది వదిలి చూసి సరిపెడతారు. గట్టిగా పిసికీ చూడాలి. చెయ్యి నొప్పి పుడుతోందని దానికి ప్లాస్టిక్ ట్యాగు బిగించే అలవాటు కనిపిస్తే, ఆ ట్యాగు తీసేదాకా టీచింగ్ పని ఆపాలి. టీచ్ మోడ్‌లో వేగం సెకనుకు 250 మి.మీ. దాటకుండా రోబో తనను తాను అదుపులో పెట్టుకుంటుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి తప్పుకోగలిగేంత నెమ్మది అది. ఎనేబుల్ స్విచ్ పనిచేస్తేనే ఆ నెమ్మదితనం మనిషికి ఉపయోగపడుతుంది.

బ్రేకు అరిగితే లైట్ కర్టెన్ దగ్గరైపోతుంది

మెయింటెనెన్స్‌ను, భద్రతను విడదీయడం ఎందుకు తప్పో ఒక చిన్న లెక్క చూస్తే అర్థమవుతుంది. గేటుకు బదులు లైట్ కర్టెన్ పెట్టిన చోట, మనిషి నడక వేగాన్ని సెకనుకు 1600 మి.మీ.గా తీసుకుంటారు. కర్టెన్ కాంతి తెగిన క్షణం నుంచి రోబో పూర్తిగా ఆగేదాకా పట్టే సమయాన్ని దానితో గుణించాలి. కర్టెన్ కిరణాల మధ్య చెయ్యి ఎంత దూరం వెళ్లగలదో దానికి కొంత కలపాలి. 30 మి.మీ. వస్తువును పట్టుకోగల కర్టెన్‌కు ఈ కలిపేది 128 మి.మీ. రోబో ఆగడానికి మొత్తం అర సెకను పడితే 800కు 128 కలిపి 928 మి.మీ. అంత దూరంలో కర్టెన్ బిగించారు, అంతా సరిగ్గానే ఉంది.

రెండేళ్ల తర్వాత బ్రేకు అరిగి, చివరన బరువైన కొత్త గ్రిప్పరు వేసి, ఆగే సమయం 0.7 సెకన్లయింది. ఇప్పుడు కావలసిన దూరం 1248 మి.మీ. కర్టెన్ పాత చోటే ఉంది. రోబో ఆగేలోపు మనిషి 320 మి.మీ. ముందే దాని దారిలో ఉంటాడు. కర్టెన్ ఆకుపచ్చ దీపం మాత్రం ఎప్పటిలాగే వెలుగుతుంటుంది. ఏ అలారమూ మోగదు. అందుకే బ్రేకును చూడటం మెకానిక్ పనే అయినా, దాని ఫలితం భద్రతా రిజిస్టరులోనూ పడాలి. బరువైన గ్రిప్పరు మార్చిన రోజు ఆగే సమయాన్ని మళ్లీ కొలవాలి.

బ్రేకును పొద్దున్నే తేలిగ్గా చూసే పద్ధతి ఒకటుంది. చెయ్యిని చాచి, చివరన ఉన్న మొనకు ఎదురుగా స్టాండుకు ఒక గుర్తు పెట్టి, కంచె బయటినుంచి సర్వో పవర్ తీయాలి. బ్రేకు పట్టుకునేలోపు మొన ఎంత కిందకు దిగిందో చూడాలి. కొన్ని మోడళ్ల మాన్యువల్స్‌లో 5 మి.మీ. లోపు అని ఉంటుంది, కొన్నింట్లో ఇంకా తక్కువ. ఏ అంకె అయినా మాన్యువల్‌దే తీసుకోవాలి, పక్క షెడ్డు అంకె పనికిరాదు. ఇవాళ ఒకటి, వచ్చే నెల రెండు, ఆ తర్వాత మూడు అని పెరుగుతూ ఉంటే, హద్దు దాటేదాకా ఎదురుచూడకుండా మోటారు మార్చే ఏర్పాటు చూసుకోవాలి.

చెయ్యి, కీళ్లు, కేబుళ్లు

రోబో ప్రతి కీలు దగ్గరా సీలు ఉంటుంది. అక్కడ గ్రీజు చెమ్మ కనిపించడం కొత్తేమీ కాదు. తుడిచేసి, మర్నాడు అదే చోట మళ్లీ చూడాలి. ఒక్కరోజులో మళ్లీ తడిస్తే లోపల ఒత్తిడి పెరుగుతోందనో, సీలు పోతోందనో అర్థం. తుడవకుండా వదిలేసిన చోట కొత్త చెమ్మ ఏదో, పాతది ఏదో ఎవరికీ తెలియదు. గ్రీజు నింపడం మాత్రం రోజువారీ పని కాదు. ఫానక్ కంపెనీ పెద్ద రోబోలకు మూడేళ్లకో, 11,520 గంటలకో ఒకసారి మార్చమని చెబుతారు. అప్పుడు కూడా బయటికి పోయే రంధ్రం మూత విప్పి పెట్టాకే గన్ను వాడాలి. మూత విప్పకుండా ‘రెండు స్ట్రోకులు కొడదాం’ అనుకుంటే సీలు చిట్లుతుంది.

బేస్ దగ్గర ఉండే బ్యాటరీల గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. కరెంటు లేనప్పుడు కూడా ప్రతి కీలు ఎన్ని చుట్లు తిరిగి ఉందో ఎన్‌కోడర్లకు (కీలు స్థానాన్ని కొలిచే సెన్సర్లకు) గుర్తుండాలంటే ఈ బ్యాటరీలు ఉండాలి. ఫానక్ పెద్ద మోడళ్లలో ఇవి మామూలు టార్చిలైటు పెద్ద సెల్స్ లాంటివే, 1.5 వోల్టులవి నాలుగు. ఏడాదికోసారి మారుస్తారు. మార్చేటప్పుడు కంట్రోలరు ఆన్‌లో ఉండాలి, ఎమర్జెన్సీ నొక్కి ఉంచాలి. మిగతా పనులన్నీ కరెంటు తీసి చేయాలని నేర్చుకున్న మంచి ఎలక్ట్రీషియన్ దీన్నీ అలాగే చేస్తాడు. అంతటితో రోబో తన స్థానం మరిచిపోతుంది. మళ్లీ మాస్టరింగ్ చేయాలి, అంటే ప్రతి కీలుకూ సున్నా స్థానం ఎక్కడో కొత్తగా నేర్పాలి. హడావిడిగా చేసిన మాస్టరింగ్‌లో ఒక కీలు కొన్ని డిగ్రీలు తప్పినా, ఇంతకుముందు ఆగిన చోట చెయ్యి ఆగదు, సాఫ్ట్‌వేర్ హద్దులూ జరిగిపోతాయి. బ్యాటరీ తగ్గుతోందన్న హెచ్చరిక పెండెంట్ మీద ముందుగానే వస్తుంది. పొద్దున్నే ఆ అలారం పేజీ తెరిచి చదవడం తనిఖీలో భాగం కావాలి. ప్రతి కీలు మీదా తయారీదారు గీసిన సున్నా గుర్తులుంటాయి. వారానికోసారి రోబోను సున్నా స్థానానికి పంపి ఆ గీతలు ఎదురెదురుగా వచ్చాయా చూస్తే, తేడా తొలిరోజుల్లోనే దొరుకుతుంది.

కేబుల్ రాసుకున్న చోట్లు, చప్పుడులో మార్పు వంటివి రోజూ ఒకే మనిషి చూస్తేనే తెలుస్తాయి. అందుకని తనిఖీ మనిషిని రోజుకొకరిని మార్చకుండా, షిఫ్టుకు ఒకరిని నెల పాటు ఉంచడం మేలు.

గ్రిప్పరు, టార్చి

షిఫ్టులో జనం లోపలికి వెళ్లే కారణాలు లెక్క తీస్తే చాలావరకు రోబో చివరి భాగం దగ్గరే తేలుతాయి. వెల్డింగ్ సెల్‌లో టార్చి నాజిల్‌లో స్పాటర్ (ఎగిరిపడే కరిగిన లోహపు తుంపర) పేరుకుంటుంది, టిప్పు అరిగి రంధ్రం కోలగా అవుతుంది, వైరు వచ్చే గొట్టమైన లైనరులో ఇనుప పొడి చేరి వైరు తడబడుతుంది. అప్పుడు ఆర్క్ ఆగుతుంది, మనిషి వెళ్లాలి. పొద్దున్నే టిప్పు మార్చి, నాజిల్ శుభ్రం చేసి, గ్యాస్ ప్రవాహం చూసి, స్థిరంగా బిగించిన సూదిమొన దగ్గరికి టార్చిని పంపి వైరు కొస సరిగ్గా ఎదురుగా వచ్చిందా చూస్తే సగం ఆగిపోవడాలు తగ్గుతాయి. మొన తప్పిందంటే టార్చి ఎక్కడో తగిలిందన్నమాట. ఎక్కడ తగిలిందో తెలిసేదాకా ప్రోగ్రాంలో పాయింట్లు జరిపి సరిపెట్టుకోకూడదు.

వ్యాక్యూమ్ గ్రిప్పరుకు కప్పుల అంచులు చూడాలి, వ్యాక్యూమ్ ఎంతసేపు నిలుస్తోందో చూడాలి. వర్షాకాలంలో కంప్రెసర్ గాలితో పాటు నీళ్లు వస్తాయి. ఫిల్టర్ గిన్నెలో నీళ్లు తీసేయకపోతే అవి వాల్వుల్లోకి వెళ్లి గ్రిప్పరు ఆలస్యంగా మూసుకుంటుంది. పిడి బిగిసేలోపు చెయ్యి లేస్తే బస్తా దారిలోనే జారుతుంది. ఇది రెండు నిమిషాల పని, వదిలేస్తే రోజంతా లోపలికీ బయటికీ తిరగాలి.

బెజవాడ ఎండ, గుంటూరు కారం

రోబో కంట్రోలర్లను ఎక్కువగా 45 డిగ్రీల లోపు వాతావరణానికి తయారుచేస్తారు. మే నెలలో విజయవాడలో బయటే దాదాపు అంత ఉంటుంది, రేకుల షెడ్డు కింద దాన్ని దాటుతుంది. కంట్రోలరు వేడెక్కి అలారం ఇవ్వగానే తలుపు బార్లా తీసి టేబుల్ ఫ్యానో కూలరో ఎదురుగా పెడతారు. అప్పటికి అలారం పోతుంది. కానీ గ్రైండింగ్ పొడి, కూలరు తేమ నేరుగా సర్వో డ్రైవ్‌ల మీద పడతాయి. పైగా తెరిచిన తలుపులోంచి కరెంటున్న భాగాలు చేతికందేలా ఉంటాయి. వెనక ఉన్న ఫ్యాన్లు తిరుగుతున్నాయా, ఫిల్టర్లు మూసుకుపోయాయా అన్నవి వేసవిలో రోజూ చూస్తే ఆ తలుపు తీయాల్సిన పని తగ్గుతుంది. షెడ్డుకు వేడి పోయే దారి లేకపోతే ప్యానెల్‌కు కూలింగ్ యూనిట్ పెట్టించడం తప్పదు, అక్కడ పొదుపు చేయకూడదు.

గుంటూరులో ఎండుమిర్చి, కారం దగ్గర పనిచేసే రోబోకు దుమ్ము వేరే రకం. కారప్పొడిలో నూనె ఉంటుంది, లైట్ కర్టెన్ కళ్లకు జిగటగా అంటుకుంటుంది. కర్టెన్ ఊరికే తెగి రోబో ఆగుతూ ఉంటుంది. అలా ఆగడం మంచిదే, భద్రత వైపే తప్పుతోంది. కానీ గంటకు నాలుగుసార్లు ఆగితే దాన్ని బైపాస్ చేయమనే ఒత్తిడి మొదలవుతుంది. షిఫ్టు మొదట్లో, భోజనం తర్వాత మెత్తటి గుడ్డతో తుడవాలి. థిన్నరు వాడితే ప్లాస్టిక్ అద్దం మసకబారుతుంది. ఎయిర్ గన్నుతో కొడితే ఆ పొడి వెళ్లి కీళ్ల సీళ్లలో చేరుతుంది. గోదాముల్లో ఎలుకలు కేబుల్ ట్రెంచ్‌లో చేరతాయి కాబట్టి ట్రెంచ్ మూతలు తీసి చూడటం వారంలో ఒకరోజు పెట్టుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ ఏ స్థాయిలో మునిగిందో చూశాక, కంట్రోలరును నేలమీద కాకుండా ఎత్తైన దిమ్మె మీద పెట్టమని ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు రోబో తనంతట తాను కదిలితే, ఆ సెల్‌ను ఆ క్షణమే ఆపి లాక్ చేయాలి. ‘ఈ లోడు పోనీ, రేపు చూద్దాం’ అనకూడని లోపాల్లో ఇది మొదటిది.

లోపలికి వెళ్లక తప్పనప్పుడు

ఎంత బాగా చూసుకున్నా లోపలికి వెళ్లాల్సిన పని ఉంటుంది. అప్పుడు ఎవరి తాళం వాళ్లు మెయిన్ స్విచ్‌కు వేసుకుని, తాళంచెవి తమ దగ్గరే పెట్టుకోవాలి. ముగ్గురు వెళ్తే మూడు తాళాలు. మేస్త్రీ ఒక్కడే తాళం వేసి అందరి తరఫునా చూసుకుంటాననడం పనికిరాదు, బయటికి వచ్చేటప్పుడు అతను లెక్క తప్పొచ్చు. స్విచ్ ఆఫ్ చేశాక కూడా గొట్టాల్లో గాలి ఒత్తిడి ఉంటుంది, డ్రైవ్‌లో కెపాసిటర్లు కొన్ని నిమిషాలు చార్జితో ఉంటాయి, ఎత్తులో ఆగిన చెయ్యి బ్రేకు మీద వేలాడుతుంటుంది. గాలి వదిలి, మాన్యువల్‌లో రాసినంతసేపు ఆగి, చెయ్యి కింద ఆనిక పెట్టాకే పని మొదలుపెట్టాలి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్, తిరిగే యంత్రం దగ్గర పనిచేసే వ్యక్తి ప్రత్యేక శిక్షణ పొంది, బిగుతైన దుస్తులు వేసుకుని ఉండాలని, అతని పేరు రిజిస్టరులో ఉండాలని చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. చట్టం పేరు మారినా, లోపలికి వెళ్లగలిగేది ఎవరో పేర్లతో రాసి గేటు మీద అతికించడం మంచి పద్ధతే. ఒడిశా, బీహారు నుంచి వచ్చిన హెల్పర్లున్న చోట ఆ కాగితం తెలుగులో ఒక్కటే ఉంటే చాలదు. ఫొటోలు, బొమ్మలు పెట్టాలి.

దసరా ఆయుధపూజ రోజు గురించి విడిగా చెప్పాలి. ఆ రోజు యజమాని కుటుంబం, పిల్లలతో సహా, బొట్టు పెట్టడానికి, దండ వేయడానికి కంచె లోపలికి వెళ్తారు. ఇంతమంది ఒకేసారి సెల్ లోపల ఉండే రోజు ఏడాదిలో ఇంకోటి ఉండదు. పూజకు ముందే మెయిన్ స్విచ్‌కు తాళం పడాలి, గాలి తీసేయాలి. కొబ్బరికాయ, గుమ్మడికాయ కంచె బయట కొట్టాలి. పసుపు కుంకుమ చెయ్యి మీద పెట్టొచ్చు, సెన్సరు కళ్ల మీద, ఎమర్జెన్సీ బటన్ మీద పెట్టకూడదు. దండ తీయకుండా మర్నాడు రోబో తిప్పితే అది కేబుల్‌కు చుట్టుకుంటుంది. పండగ మర్నాటి తనిఖీలో వీటిని చేర్చాలి.

రిజిస్టరులో ఏం రాయాలి

ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, నెలంతా టిక్కులున్న కాగితం చూస్తే అది ఒకే రోజు కూర్చుని నింపిందని తెలిసిపోతుంది. దాన్ని రాసినవాణ్ణి తప్పుపట్టే ముందు కాగితాన్ని చూడాలి. నలభై గడులుంటే ఎవరూ నిజాయితీగా నింపలేరు. పది గడులు చాలు, టిక్కు బదులు అంకెలు రాయించాలి: బ్రేకు ఎన్ని మిల్లీమీటర్లు దిగింది, గాలి ఒత్తిడి ఎన్ని బార్లు, ఇవాళ ఏ ఎమర్జెన్సీ బటన్ నొక్కారు. అంకెను ఊహించి రాయడం టిక్కు పెట్టినంత తేలిక కాదు. తనిఖీ చేసినవాడు ‘నడపొద్దు’ అని రాస్తే, దాన్ని కొట్టేసే హక్కు ప్రొడక్షన్ సూపర్‌వైజరుకు ఉండకూడదు. ఆ మాట యజమాని నోటితో, అందరి ముందూ చెప్పాలి, లేకపోతే హెల్పరు స్థాయిలో ఉన్న కుర్రాడు ఎప్పటికీ ఆ మాట రాయడు.

అన్నిటికన్నా పనికొచ్చే అంకె గేటు ఎన్నిసార్లు తెరిచారన్నది. సెల్‌ను నడిపే చిన్న కంప్యూటరు, అంటే పీఎల్‌సీలో కౌంటరు పెట్టుకోవడం పెద్ద పని కాదు. అది లేని చోట గేటు పక్కన పలక వేలాడదీసి, వెళ్లిన ప్రతిసారీ సుద్దతో ఒక గీత, పక్కన ఒక్క మాటలో కారణం రాయించాలి: టిప్పు, కప్పు, సెన్సరు, రేకు. శనివారం ఆ గీతలు లెక్కపెట్టి, ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో దాన్నే సోమవారం పొద్దున మొదటి పనిగా సరిచేయించాలి. మరో వారం గడిచాక ఆ కారణం కింద గీతలు తగ్గకపోతే సరిచేసింది అసలు లోపాన్ని కాదని తెలుస్తుంది, ఇంకా లోతుకు వెళ్లి చూడాలి. ఒక్కసారిగా గీతలు సున్నా అయిపోతే మాత్రం సంతోషించే ముందు గేటు స్విచ్ దగ్గరికి వెళ్లి, గాడిలో నాలుక ఉందేమో చూడాలి.